అమెరికా టైలరు కట్టిన ఇంటి పన్ను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు. టేకులపల్లికి పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఒక ఊళ్ళో నాది దర్జీ దుకాణం. మా తాత నుంచీ ఇదే పని. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. పంతొమ్మిదివందల ఎనభైల్లో, నాకు నలభై దాటిన రోజుల్లో, ఊళ్ళో అందరూ నన్ను అమెరికా టైలరు అనేవారు.

అమెరికా ఎటు పక్క ఉందో పటం మీద చూపించమంటే నాకు వచ్చేది కాదు. కానీ మిషను పక్కన రేడియో ఉండేది. పొద్దున్నే గరగరమంటూ ఉర్దూలో ఆ దేశం కబుర్లు వచ్చేవి. అక్కడి రాజకీయాల్లో ఒక వర్గం వాళ్ళ మాటలు నాకు తెగ నచ్చేవి. పన్నులు తగ్గించాలి. మనిషి చెమటోడ్చి సంపాదించిన దాంట్లో సర్కారు చెయ్యి పెట్టకూడదు. దేశంలోకి వచ్చేవాడు అడిగి రావాలి, దొంగదారిన కాదు. ఎక్కడో సముద్రాల అవతల, నా ముఖం కూడా ఎరగని మనుషులు నా మనసులో మాట అంటున్నారే అని మురిసిపోయేవాణ్ణి. మిషను తొక్కుతూ, దారం ఎక్కిస్తూ, ఆ మాటలే వచ్చిన ప్రతివాడికీ వినిపించేవాణ్ణి.

మాదేమో ఎర్రజెండాల జిల్లా. నా మాటలు ఎవరికి రుచిస్తాయి? బడిలో పనిచేసే మాస్టారొకాయన మాత్రం రోజూ సాయంత్రం వచ్చి బెంచీ మీద కూర్చుని నాతో వాదులాడేవాడు. ఆయన పక్కా ఎర్రజెండా. మా ఇద్దరి గొంతులకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగేవారు, బెంచీ నిండేది, మెట్ల మీద కూడా కూర్చునేవారు.

"ఏంది భాయ్, నువ్వు సూడని దేశానికి గింత వకాల్తా పట్టుకుంటవ్?" అనేవాడు.

"నువ్వు రష్యా చూసొచ్చినవా సారూ? నీ ప్యాంటు కొలతలు నాకు తెలుసు గదా, కొత్తగూడెం దాటి పోలేదు నువ్వు," అనేవాణ్ణి. జనం పగలబడి నవ్వేవారు.

నావి వట్టి మాటలే కావు. మా వీధిలో పంచాయతీ దీపపు స్తంభం ఒకటి ఉండేది. దీపం వెలిగేది కాదు. దీపం వెలిగించేదాకా ఇంటి పన్ను కట్టనని పంచాయతీ గుమాస్తా ముఖం మీదే చెప్పి, మూడేళ్ళు కట్టలేదు. ఎన్ని నోటీసులు వచ్చినా వాటిని కాజాలు కుట్టడం నేర్చుకునే వాళ్ళకు అడుగున పెట్టుకోమని ఇచ్చేవాణ్ణి. ఆ మూడేళ్ళ బకాయి నాకు మెడల్ లాంటిది. దుకాణంలో అమెరికా గురించి వాదన ఓడిపోయేట్టు ఉంటే, "నేను చేసి చూపిస్తున్న, నువ్వేం చేసినవ్?" అని మాస్టారి నోరు మూయించేవాణ్ణి.

ఇక అసలు సంగతి. మా వైపు మిరప తోటలు ఎక్కువ. కాయ ఏరడానికి ఏటా అవతలి రాష్ట్రం అడవుల నుంచి కోయవాళ్ళు గుంపులుగా వచ్చేవారు. ఏరుడు అయిపోగానే వెళ్ళిపోయేవారు. వెళ్ళేముందు కూలి డబ్బులతో సంతలో గుడ్డ కొని నా దగ్గర చొక్కాలు కుట్టించుకునేవారు. నాకది ఏడాదిలో మంచి సీజను. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు సగం సగం. చేతులతో సైగలు చేసుకునేవాళ్ళం. టేపు చుట్టడానికి భాష ఎందుకు?

ఒక ఎండాకాలం, ఏరుడు ముగిసిన వారంలో, ఎనిమిది మంది మగవాళ్ళు వచ్చి దుకాణం ముందు వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు ఒక ముసలాయన. సొరబుర్ర నిండా తేనె తెచ్చి నా గడప మీద పెట్టాడు. ఏదో మెల్లగా చాలాసేపు చెప్పాడు. నేను రేడియో వింటూ వింటూ తల ఊపాను. బుర్ర తీసుకుని లోపల పెట్టి, టేపు తీసి, ఒక్కొక్కరికీ ఛాతీ, భుజం, చెయ్యి కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. వాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గుడ్డ కనపడలేదు. సంతలో కొంటారు కాబోలు అనుకుని, "సంత అయినంక రండి, అందరు రండి," అని చేతులతో చూపించాను. ముసలాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తేనె మంచి తేనె. నెల రోజులు తిన్నాం.

సంత అయింది, వాళ్ళు రాలేదు. నేనూ మర్చిపోయాను. రెండు వారాలకు తెలిసింది, ఊరి బయట బంజరులో ఎనిమిది గుడిసెలు లేచాయని. ఆడవాళ్ళు, పిల్లలు, కోళ్ళు, అంతా దిగారు.

ఊరు భగ్గుమంది. అందరికంటే ఎక్కువ నేనే భగ్గుమన్నాను. "చూసినవా సారూ, అమెరికాల జరిగేదే ఈడ జరుగుతున్నది! అడగకుండ, చెప్పకుండ వచ్చి పడిండ్రు. ఎవర్ని అడిగిండ్రు వీళ్ళు?" అని బెంచీ అదిరేలా అరిచాను. వానలు పడకముందే గుడిసెలు పీకించాలని పంచాయతీలో తీర్మానమైంది. సర్పంచి వాళ్ళను ఆఫీసు వరండాకు పిలిపించాడు. ఆయన పెద్ద మిరప రైతు. ఊరంతా వచ్చింది. నేను ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఎవర్ని అడిగి ఏసిండ్రయ్యా గుడిసెలు?" అన్నాడు సర్పంచి.

ముసలాయన అటూ ఇటూ చూసి, నన్ను గుర్తుపట్టి, ముఖం విప్పారగా వేలెత్తి నా వైపు చూపించాడు.

ఎవరికీ అర్థం కాలేదు. రెండు భాషలూ వచ్చిన ఒక కూలామె ముందుకొచ్చి ముసలాయన చెప్పిందంతా విని చెప్పింది. వాళ్ళ వైపు కొత్త ఊళ్ళో ఉండదలిస్తే ఆ ఊరి పెద్ద గడప మీద తేనె పెట్టి అడగాలి. ఆయన బుర్రను చేతుల్లోకి తీసుకుంటే ఒప్పుకున్నట్టు. ఈ ఊళ్ళో పెద్ద ఎవరా అని వాళ్ళు వారం రోజులు చూశారట. రోజూ సాయంత్రం ఊరంతా ఎవరి గడప ముందు కూర్చుని మాటలు వింటున్నదో ఆయనే పెద్ద అనుకున్నారు. "పెద్దాయన తేనె తీసుకున్నడు. మా మగోళ్ళను ఒక్కొక్కర్ని కొలిచి పుస్తకంల రాసుకున్నడు. సంత అయినంక అందర్ని రమ్మన్నడు. గందుకే వచ్చినం అంటుండు," అంది.

వరండా కప్పు ఎగిరిపోయేలా నవ్వారు జనం. మాస్టారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చొక్కాల కోసం కొలిచాను తప్ప నాకేం తెలియదని ఒక్క మాట అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు ముసలాయన ముఖం చూశాను. ఆయనొక్కడే నవ్వడం లేదు. జనం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక, నా నోటి నుంచి వచ్చే మాట కోసం చూస్తున్నాడు.

ఏళ్ళ తరబడి నేను అరిచిందేమిటి? వచ్చేవాడు అడిగి రావాలని. వీళ్ళు అడిగారు. వాళ్ళ పద్ధతిలో, ముందు గుమ్మంలోంచి వచ్చి, చేతిలో ఉన్న మంచి వస్తువు పెట్టి అడిగారు. తేనె తిన్నది నేను, రమ్మన్నది నేను. ఇప్పుడు మాట తప్పితే నేను మనిషినేనా?

"అవ్. నన్నే అడిగిండ్రు. నేనే రమ్మన్న," అన్నాను. నవ్వు ఆగింది.

సర్పంచికి ఒళ్ళు మండింది. "నువ్వెవడివి ఊళ్ళెకి రమ్మనెటందుకు?"

"మరి ఎవర్ని అడగాల్నో బోర్డు పెట్టినవా నువ్వు? నీ తోటల కాయ ఏరనీకి సగం కూలికి పిలిచినప్పుడు ఎవర్ని అడిగినవ్?"

ఆయన ముఖం ఎర్రబడింది. కాసేపు పళ్ళు నూరి, తర్వాత నవ్వాడు. నా సంగతి తెలిసిన నవ్వు. "సరె భాయ్. పంచాయతీ పన్ను బుక్కుల ఎక్కినోళ్ళే ఈ ఊరోళ్ళు. సోమారం లోపట ఎనిమిది ఇండ్ల పన్ను రసీదులు తెచ్చి నాకు చూపియ్యి. తేకుంటే మంగళారం పొద్దున గుడిసెలు పీకేస్తం. పన్ను అంటే నీకు మస్తు ఇష్టం గద!"

చేతిలో నాలుగు రోజులు. మర్నాడు పొద్దున్నే పంచాయతీ గుమాస్తా దగ్గరికి పోయాను. ఆయన నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచాడు. కొట్లాటకు వచ్చాననుకున్నాడు పాపం. "పన్ను కట్టించుకో," అన్నాను. ఆయనకు చెవులు పనిచేస్తున్నాయా లేదా అని అనుమానం వచ్చినట్టుంది, మళ్ళీ అడిగాడు. గుడిసెల సంగతి చెప్పాను. అర్జీ కావాలన్నాడు. మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. ముత్యాల్లాంటి అక్షరాలు ఆయనవి. "నీ అమెరికా ఏమంటది భాయ్ దీనికి?" అని నవ్వుతూనే రాసిచ్చాడు. బడి ఎగ్గొట్టి నా వెంట ఆఫీసుకు కూడా వచ్చాడు.

గుమాస్తా అర్జీ చదివి, కలం మూతపెట్టాడు. "కొత్తోళ్ళు గదా. ఊళ్ళె సొంత ఇల్లున్న మనిషి జామీను సంతకం పెట్టాలె. ఆ మనిషికి పన్ను బకాయి ఉండొద్దు," అన్నాడు. ఈ చివరి మాట అంటూ నా ముఖంలోకి చూడలేదు.

మాస్టారిది కిరాయి ఇల్లు. ఊళ్ళో నా దగ్గర చొక్కా కుట్టించుకోని మగవాడు లేడు. జామీను అడుగుతూ ఇల్లిల్లూ తిరిగాను. కిరాణా షాపాయన తలనొప్పి అన్నాడు. ఇంకొకాయన ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించాడు. ఆయన చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. ఇంకొకరు సర్పంచితో ఎందుకొచ్చిన తంటా అన్నారు. శని, ఆదివారాలు అట్లా పోయాయి.

ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అన్నాను మా ఆవిడతో, "ఆ దీపం వెలగకుండ నేను కట్టేది లేదు. అది నా మాట."

"గుడిసెలోళ్ళకు రమ్మన్నది ఎవరి మాట?" అంది. పప్పు వడ్డించి లోపలికి పోయింది. నా కోపానికి ఇంట్లో సమాధానం ఎప్పుడూ ఇంతే, ఒక్క ముక్క.

సోమవారం ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. మూడేళ్ళ బకాయి, ఆ ఏటి పన్ను కలిపి గుమాస్తా బల్ల మీద పెట్టాను. మూడేళ్ళుగా మెడలో వేసుకు తిరిగిన గొప్పను నా చేత్తోనే తీసి అక్కడ పెట్టడమంటే మాటలా? మెట్ల కింద నలుగురు చేరి, "అమెరికా పన్ను కట్టింది రోయ్!" అని ఈలలు వేశారు. ఎవరి చొక్కా గుండీలు ఎవరు కుట్టారో మర్చిపోయిన వెధవలు. నేను తల తిప్పలేదు. జామీను కాగితం మీద ఎనిమిది చోట్ల సంతకం పెట్టాను. గుడిసెల వాళ్ళు తమ డబ్బులు తామే తెచ్చుకున్నారు. గుమాస్తా ఎనిమిది రసీదులు రాసేదాకా నేను ఆయన ఎదుటి నుంచి కదల్లేదు, టీ తాగడానికి లేస్తానన్నా లేవనివ్వలేదు.

సాయంత్రం సర్పంచి రసీదులు ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాడు. ఎనిమిదో దాని తర్వాత నా రసీదు కూడా పెట్టాను. దాన్ని మాత్రం చాలాసేపు చూశాడు. మంగళవారం గుడిసెల వైపు ఎవరూ పోలేదు.

ఆ ఎనిమిది మందికీ చివరికి చొక్కాలు కుట్టాను. కొలతలు పుస్తకంలోనే ఉన్నాయి కదా. ఒక్కో చొక్కా లోపలి వైపు, గుండె మీద, రసీదు పట్టేంత జేబు పెట్టాను. ముసలాయన తన రసీదును మడిచి జేబులో పెట్టుకుంటూ, కూలామె చేత నన్ను అడిగించాడు: ఇది ఒక్కసారేనా, ప్రతి ఏడూ కట్టాలా?

"ప్రతి ఏడు కట్టాలె," అన్నాను గొణుగుతూ. ఇక తిట్టుకుంటాడు, నాకొక తోడు దొరుకుతుంది అనుకున్నాను.

ఆయన ఆలోచించి ఏదో అన్నాడు. కూలామె చెప్పింది. "ప్రతి ఏడు మేం అడగాలె, ప్రతి ఏడు ఊరు ఉండుమనాలె. మంచి పద్ధతే. మా దిక్కు ఒక్కసారే అడుగుతం అంటుండు."

పన్ను మీద నా దగ్గర వంద మాటలు ఉండేవి. ఈ మాట వాటిల్లో లేదు. గుండీ కుట్టడానికి వంగి, సూదిలో దారం ఎక్కించే మిషతో ముఖం దించుకున్నాను.

పన్ను తక్కువ ఉండాలనే ఇప్పటికీ అంటాను. వచ్చేవాడు అడిగి రావాలనే అంటాను. అడిగినవాడికి నోరు విప్పి జవాబు చెప్పాలి అనే ముక్క కూడా కలుపుతాను, అది రేడియోలో నేను వినలేదు. మరుసటి ఏడు పన్ను కట్టే రోజున నేను పోయేసరికి ఆఫీసు మెట్టు మీద ముసలాయన ఆ చొక్కా వేసుకుని నాకంటే ముందే కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక నిలబడ్డాను. మా వీధి దీపం అప్పటికీ వెలగలేదు. నా వంతు రాగానే పన్ను కట్టి, రసీదు తీసుకుని, దాన్ని గుమాస్తా ముక్కు ముందు ఆడిస్తూ దీపం సంగతి ఎత్తుకున్నాను.