పొద్దుగూకితే పోయే సిగ్నల్

గోస్పాడు దగ్గరి మా చేనిలో నేలతేమ కొలిచే చిన్న పెట్టె పెట్టాను. అది మా మిద్దెమీది రిసీవరుకు సిగ్నల్ పంపాలి. ఇట్లాంటి పెట్టెను లైసెన్సు లేకుండా వాడుకోవాలంటే మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గరే, అదీ తక్కువ పవర్‌తోనే పంపాలని రూలు. అట్లాగే పెట్టాను. అయినా రోజూ పొద్దుగూకితే సిగ్నల్ పోయేది. ఈ పాడు రూలు వల్లేనని తిట్టుకునేవాణ్ణి.

నాయనకు చెప్తే, "రేత్రిపూట దానికేం పనిరా?" అన్నాడు.

నాయన పోయాక ఆయన చొక్కా మడతపెడుతుంటే జేబులో బోరుమోటరు ఫ్యూజులు తగిలాయి. పక్కచేనోళ్లు మోటరు వేసుకోకుండా సాయంత్రం పీకి తెచ్చుకుని, పొద్దున్నే పోయి పెట్టేవాడు. వాటితోపాటు నా పెట్టె యాంటెన్నా కూడా ఉంది.

ఏడుపు రాలేదు. చేనికి పోయి దాన్ని బిగించి వచ్చాను.

ఆ పొద్దు గూకింది. సిగ్నల్ పోలేదు.