మాస్టారి కారు మొండికేసింది

ఆ పేటలో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మందికి డ్రైవింగు నేర్పింది మాస్టారే. ఆ డ్రైవింగు స్కూలు మూసేసి ఇంట్లో కూర్చున్నాక ఆయనకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే. పొద్దున్నే భార్యను ఆవిడ టైలరింగు షాపు దగ్గర దింపడం, సాయంత్రం తెచ్చుకోవడం. బస్సులో వెళ్తానని ఆవిడ అంటే చాలు, ఎక్కడలేని పౌరుషమూ వచ్చేది. మోకాళ్ళు నొప్పులు మొదలెట్టాక క్లచ్చు బాధ లేకుండా ఆటోమేటిక్ కారు కొన్నది కూడా ఆ ఉద్యోగం ఊడకూడదనే.

అలాంటి కారు ఓ సోమవారం మొండికేసింది. ఇంజను బుద్ధిగానే స్టార్టయింది. గేరు రాడ్డు మాత్రం పార్కింగ్‌లోంచి కదిలితే ఒట్టు. బ్రేకు తొక్కి పట్టుకుంటేనే ఆ రాడ్డుకు తాళం వదులుతుందని మాస్టారికి మనం చెప్పాలా! తొక్కాడు, లాగాడు, ఇంజను ఆపి మళ్ళీ తిప్పాడు, నోటికొచ్చింది తిట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. పక్కసీట్లో భార్య సంచి ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసి, దిగి బస్టాపు వైపు నడిచింది. ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మెకానిక్కు వచ్చాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. వాడు కూర్చుని తొక్కితే రాడ్డు సాఫీగా వచ్చింది. మాస్టారు కూర్చుంటే రాదు. మళ్ళీ వాడికి వచ్చింది. నామీద దీనికి అంత కచ్చేమిట్రా అని మాస్టారు నవ్వాడు. వాడు నవ్వలేదు. టార్చి వేసి పెడల్ కిందికి వంగి, గట్టిగా తొక్కమన్నాడు.

"తొక్కుతూనే ఉన్నాగా!" అన్నాడు మాస్టారు.

పాదం పెడల్ మీద ఊరికే ఆని ఉంది. చెప్పు ఎప్పుడు జారిపోయిందో ఆయనకు తెలియనే తెలియదు. సుగరు వల్ల కాలి నరాలు చచ్చుబడుతున్నాయని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆ ముక్క ఆయన భార్య చెవిన కూడా వేయలేదు.

కాలు అసలు నొక్కడమే లేదని మెకానిక్కు గురువుగారి ముఖం మీద ఎలా అంటాడు? పెడల్ దగ్గరి స్విచ్చు అరిగిందని చెప్పి, కాలు అలా తగిలితే చాలు తాళం వదిలేలా దాన్ని ముందుకు జరిపి వెళ్ళిపోయాడు. పెద్దాయన పరువు కాపాడాననుకున్నాడు, వెర్రి సన్నాసి!

మర్నాడు రాడ్డు చెప్పినట్టు విన్నది. మాస్టారి ముఖం చేటంతయింది. గేటు తీయడానికి భార్య దిగి కారు ఎదుటికి నడిచింది. ఆయన బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాడు. ఉంచాననే అనుకున్నాడు. గేరులో ఉన్న ఆటోమేటిక్ కారు బ్రేకు గట్టిగా పట్టకపోతే దానంతటదే పాకుతుంది. ఇదీ పాకింది. గడియతో కుస్తీ పడుతున్న ఆవిడ వీపు దగ్గరవుతోంది. తొక్కాడు. ఇంకా తొక్కాననుకున్నాడు. దగ్గరవుతూనే ఉంది. చివరికి రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగేశాడు. కారు ఆవిడకు జానెడు దూరంలో ఆగింది.

"అంత తొందరేమిటండీ?" అని నవ్వుతూ వచ్చి కూర్చుంది. ఆయన ఇంకా రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు పట్టుకునే ఉండడం చూశాక ఆ నవ్వు పోయింది.

"నిన్ను గుద్దేసేవాణ్ణే," అన్నాడు ఆయన. "నా కాలు నాకు తెలియడం లేదు. ఏడాదైంది."

ఆవిడ కోప్పడలేదు. ఇంజను ఆపేసి, వంగి ఆయన కుడిపాదాన్ని చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళ దగ్గర నొక్కి, తెలుస్తోందా అని అడిగింది. ఆయన ఆవిడ వేళ్ళకేసి చూశాడు. మడమ దగ్గర ఇంకా గట్టిగా నొక్కింది.

"ఇప్పుడో?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.