నల్ల వీపు

బొగ్గుగని కాలనీలో పుట్టిన మగపిల్లలందరూ బంతిని కాలితో తన్నారు. ఎవాల్ట్ నొవోత్కా ఒక్కడే తలతో కొట్టాడు. ప్రతిభ మాట తర్వాత, అసలు కారణం పావురాలు. గని కార్మికుల ప్రతి పెరట్లోనూ పందెపు పావురాల గూడు ఉండేది. బంతి కాస్త పైకి లేచి గూటికి తగిలిందా, ముసలాళ్లు దాన్ని కత్తితో కోసి అట్టులా చేసి తిరిగిచ్చేవారు. అందుకని ఎవాల్ట్ ఎంత ఎత్తున వచ్చిన బంతినైనా ఎగిరి నుదుటితో నేలకేసి కొట్టడం నేర్చుకున్నాడు. ఒక్క గెంతు గెంతి గోల్‌లోకి దూరే ఆ బంతికి తర్వాత జర్మనీలో బొగ్గుగనులున్న రూర్ ప్రాంతమంతటా పేరొచ్చింది. పత్రికల వాళ్లు అదేదో మహావిద్య అని రాశారు. రాసుకోనీండి, వాళ్ల పక్కింట్లో పావురాలు లేవు కదా!

యుద్ధం ముగిశాక వారమంతా గనిలో ఉదయం షిఫ్టు, ఆదివారం కాలనీ జట్టుకు గోల్స్ కొట్టడం, ఇదే అతని బతుకు. రెండు చోట్లా అతనికి జత అల్ఫోన్స్ కుబిత్సా. భూమి కింద ఇద్దరూ పక్కపక్కనే బొగ్గు తవ్వేవారు. మైదానంలో అల్ఫోన్స్ గోల్‌కీపరు. షిఫ్టు దిగాక గని స్నానాల హాల్లో ఒకరి వీపు ఒకరు రుద్దుకునేవారు. ఎవరి వీపు వాళ్లకు అందదు మరి. గనిలో ప్రతివాడికీ వీపు రుద్దేవాడు ఒకడుంటాడు, ఇల్లు మారినా వాణ్ణి మార్చరు. నల్ల వీపుతో ఇంటికి వెళ్లాడంటే వాడు ఎవరికీ కానివాడైపోయాడన్నమాట.

రైన్ నది ఒడ్డున ఉన్న పట్నం నుంచి పెద్ద క్లబ్బు వాళ్లు వచ్చారు. తమ జట్టుకు ఆడితే పొగాకు దుకాణం పెట్టిస్తామన్నారు. ఎవాల్ట్ భార్య హెడ్విగ్ ఆ రోజే కిటికీ తెరలకు గుడ్డ చూసుకుంది.

"పోరా, పో. తెల్ల చొక్కా వేసుకుని చుట్టలమ్ముకో" అన్నాడు అల్ఫోన్స్, కళ్లు తుడుచుకుంటూ. "ఈ బొగ్గు పొగొకటి, చచ్చేలా మండుతోంది."

పట్నంలో ఎవాల్ట్‌కు ఏ లోటూ లేదు. గోల్స్ కొట్టాడు, ఒళ్లు చేశాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ "హెర్ నొవోత్కా" అంటూ గౌరవంగా టోపీ తీసేవాడు.

ఆ ఏడాది ఆఖరి ఆట సొంత కాలనీ మీదే పడింది. ఓడితే కాలనీ జట్టు కింది తరగతికి దిగిపోతుంది. జోరున వాన. ఆట ముగుస్తుందనగా మూల నుంచి బంతి గాల్లోకి లేచి వచ్చింది. ఎవాల్ట్ ఎగిరాడు. ఎదురుగా అల్ఫోన్స్ అప్పటికే కిందికి దూకేస్తున్నాడు. ఈ తల నుంచి బంతి ఎటు పోతుందో అతనికి తెలియనిదా! ఎవాల్ట్ అది చూశాడు. చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బంతిని పైకి కొట్టాడు.

బంతి గోల్‌లో పడింది. కాలనీ జట్టు ఓడి కింది తరగతికి దిగిపోయింది. బురదలో పడి ఉన్న అల్ఫోన్స్ "పైకి కొట్టావే" అన్నాడు, అంతే.

రెండేళ్లు గడిచాయి. పరుగు తగ్గి ఎవాల్ట్ ఆట మానేశాడు. దుకాణం మాత్రం జీవితాంతం అతనిదే. కానీ స్టూలు మీద కుదురుగా కూర్చోలేకపోయాడు.

"ఇక్కడ నన్ను తిట్టేవాడే లేడు హెడీ" అన్నాడు భార్యతో.

"అయ్యో, తిట్టించుకోవాలనుందా? నేను లేనూ?" అంది ఆమె. కానీ మొగుడి మనసు ఆమెకు తెలియనిది కాదు. తెరలు తనే విప్పి మడత పెట్టింది. "అల్ఫోన్స్ అడిగితే తడి బంతి, జారిందని చెప్పు. గొడవ వదులుతుంది."

కాలనీకి తిరిగొచ్చాక గనిలో మొదటి రోజు అందరూ మామూలుగానే పలకరించారు. అల్ఫోన్స్ మాత్రం తన దీపం కేసి చూస్తూ తలూపాడు. షిఫ్టంతా ఇద్దరూ పక్కపక్కనే పలుగులు ఆడించారు.

స్నానాల హాల్లో అందరూ విప్పిన బట్టలు కొక్కేలకు తగిలించి, గొలుసులు లాగి పైకప్పు దాకా ఎక్కించారు. ఎవాల్ట్ మొహం కడుక్కున్నాడు. చేతులు, ఛాతీ, కాళ్లు కడుక్కున్నాడు. మళ్లీ మొహం కడుక్కున్నాడు. చుట్టూ జతలు జతలుగా వీపులు తెల్లబడుతున్నాయి. రుద్దమని ఎవరినీ అడగకూడదు, అది అడిగి చేయించుకునే పని కాదు. పెనాల్టీ కొట్టేటప్పుడు ఏనాడూ వణకని మనిషికి అక్కడ, వేణ్నీళ్ల కింద, భయమేసింది. ఈ నల్ల వీపుతో బయటికి వెళితే ఇక తనకు కాలనీ లేదు.

వెనక నుంచి వీపు మీద బ్రష్ పడింది. తోలు ఊడేలా పడింది.

"అమ్మో! చంపుతావా ఏంట్రా?"

"కదలకు." అది అల్ఫోన్స్ గొంతు. "నిజం చెప్పు. ఆ రోజు బంతి జారిందా, కావాలనే పైకి కొట్టావా?"

హెడ్విగ్ నేర్పిన మాట నాలుక మీదే ఉంది. కానీ ఆ చేతుల్లో వీపు పెట్టి అబద్ధమాడడం అతనివల్ల కాలేదు.

"కావాలనే. నువ్వు కిందికి దూకడం చూశాను. చూసే కొట్టాను."

బ్రష్ ఆగింది.

"జారిందని అనుంటేనా, ఈ బ్రష్ నీ నెత్తిన విరగ్గొట్టి పోయేవాణ్ణి" అన్నాడు అల్ఫోన్స్. "నా గుట్టు తెలిసినవాడి చేతిలో ఓడానని రెండేళ్లుగా ఈ కాలనీకి చెప్పుకుంటున్నాను. వట్టి వాననీళ్ల చేతిలో ఓడానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వంగు, నడుం దగ్గర ఇంకా మసి ఉంది."

ఎవాల్ట్ వంగాడు. మసి వదిలాక అల్ఫోన్స్ బ్రష్ అతని చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. హాల్లో జనం పల్చబడ్డారు. మిగతావాళ్ల స్నానాలు ఎప్పుడో అయిపోయాయి. అల్ఫోన్స్ వీపు మాత్రం ఇంకా నల్లగానే ఉంది.