లింగన్నకు ముళ్ళు తీసిపెట్టిన శుక్రవారాలు

ఒమన్ దేశం సోహార్‌లోని తెలుగు ప్రజలందరికీ ఇందుమూలంగా చేయు ప్రకటన ఏమనగా...

మన చేపల హోటల్లో కిటికీ పక్క టేబుల్ దగ్గర శుక్రవారం మధ్యాహ్నం ఇకపై ఎవరైనా కూర్చోవచ్చు. దాని మీద మా ఇద్దరికీ ఉన్న సర్వహక్కులూ రద్దయినవి.

లింగన్న పోయాడు.

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా ఆయన రూమ్‌మేట్ ఫోన్ చేశాడు. "అన్న లేస్తలేడు" అన్నాడు.

"నాతోనే ఆటలా?" అని తిట్టి కట్ చేశాను.

తప్పు నాదే. మన క్యాంపులో అలాంటి దొంగ ఫోన్లు చేసి జనాన్ని పరిగెత్తించేది నేనొక్కణ్ణే కదా.

మళ్ళీ మోగింది. ఈసారి వాడు ఏడుస్తున్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మాది కాకినాడ పక్క. ఆయనది జగిత్యాల పక్క. ఆయన వెల్డర్, నేను పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్. చెరువు చేప తప్ప సముద్రం చేప ఎరగని మనిషిని ఆ హోటల్‌కి మొదటిసారి లాక్కెళ్ళింది నేనే.

అక్కడి వంట మాస్టర్ అప్పారావు గారి పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కవళ్ళ చేపల పులుసు గురువారమే మట్టి కుండల్లో వండి మూత పెట్టేస్తారు. ఊరి నుంచి తెప్పించిన పాత చింతపండు, గానుగ నూనె. ఒక రాత్రి ఊరితే గానీ చేపకు పులుపు పట్టదని శుక్రవారం వరకు ఎవరికీ వడ్డించరు.

ఇదంతా లింగన్నకు చెప్పలేదు. "అన్నా, ఇది నిన్నటిది" అని మాత్రం చెవిలో వేశాను.

ఇంక చూడాలి.

"ఏందయ్యా, నిన్నటి కూర పెడుతున్నవ్? మేం గంత అగ్గువగ కనవడుతున్నమా?"

అప్పారావు గారు గరిటతో సహా వంటింట్లోంచి బయటికొచ్చారు. "బాబూ, ఇవాళ వండింది కావాలంటే రేపు రండి."

హోటలంతా నవ్వింది. లింగన్న నా వీపు మీద ఒక్కటిచ్చాడు. తర్వాత తిన్నాడు. తిని, ఖాళీ గిన్నె నా వైపు తోశాడు, ఇంకోటి చెప్పమని.

కవళ్ళంటే ఒళ్ళంతా ముళ్ళే. నిప్పురవ్వలు మీద పడినా కదలని ఆ మనిషికి చేపముల్లంటే హడల్. చిన్నప్పుడు గొంతులో గుచ్చుకుందట. అందుకే ముళ్ళు తీసే డ్యూటీ నాది. నేను తీసి ప్లేటు అంచున పెడితే ఆయన రాగి సంకటితో కలిపి తినేవాడు.

ఏడేళ్ళు.

"నీ నాలిక మీద ముండ్లున్నయి గని, చేతులల్ల లెవ్వురా" అనేవాడు.

నా రూమ్‌లో ఎనిమిది మంది ఉంటారు. నేను నోరు తెరిస్తే చాలు, నవ్వడానికి అందరూ రెడీ. ఏ జోకూ వేయకుండా నేను ఊరికే కూర్చోగలిగింది మాత్రం లింగన్న పక్కనే.

నిన్న సాయంత్రం లింగన్న భార్య, మా వదిన, ఊరి నుంచి ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"తమ్మీ, శుక్రవారం మంచిగ తిన్నడా?"

"తిన్నాడొదినా. మూడు చేపలు తిన్నాడు. నేనే పక్కన కూర్చుని ముళ్ళు తీశాను."

"గట్లనా... కడుపునిండ తిన్నడు" అంది. గొంతు కాస్త కుదుటపడింది.

ఈ పోస్ట్ దయచేసి ఎవరూ ఊరికి ఫార్వర్డ్ చేయకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

శుక్రవారం నేను వెళ్ళలేదు.

"డ్యూటీ పడింది, నువ్వు వెళ్ళి కూర్చో, వచ్చేస్తా" అని చెప్పి రూమ్‌లో పడుకున్నాను. నేను లేకపోతే ఈయన ఎలా తింటాడో చూద్దామని. సరదాకి. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ దారిలో ఉన్నానన్నాను.

గంటన్నర కూర్చున్నాడని నిన్న అప్పారావు గారు చెప్పారు. చేప ముట్టలేదట. చివరికి సంకటిలో మజ్జిగ కలుపుకుని తాగేసి, పులుసు పార్సిల్ కట్టించాడట.

ఆ పార్సిల్ నా రూమ్‌కే పంపాడు. "డ్యూటీల వడి ఏం తినకపోతివి, తిను" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

తిన్నాను. నవ్వుకుంటూ తిన్నాను.

వదినకు చెప్పిన ఆ మూడు చేపలూ తిన్నది నేను.

పోయిరా లింగన్నా. నువ్వైనా నెమ్మదిగా నిద్రపో.