పెద్ద పీపాకు చెప్పిన మాట

అక్టోబరు 9, గురువారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. నేలమాళిగలో ఉష్ణోగ్రత పంతొమ్మిది డిగ్రీలు. పెద్ద పీపా బిరడాకు గుచ్చిన గాజు గొట్టం వంగి, రెండో కొస నీళ్ళ గిన్నెలో మునిగి ఉంది. ఆ కొస నుంచి ఒక్క బుడగైనా పైకి తేలుతుందేమోనని కొలతమ్మ కన్నార్పకుండా చూస్తోంది. తేలలేదు.

బుడగ వస్తోందంటే లోపల ద్రాక్షరసం పులిసి వైన్ అవుతున్నట్టు లెక్క. ఆగిందంటే తీపి తీపిగానే మిగిలిపోయి, కొన్నాళ్ళకు చెడి, చివరికి పారబోయడానికి తప్ప పనికిరాదు. ఆ ఏడాది తోట పంటలో సగం ఆ ఒక్క పీపాలోనే ఉంది. తోట యజమాని చెడ్డవాడు కాడు, కానీ ఓపిక సన్నగిల్లిన మనిషి. ముందు రోజే మెట్ల మీద నిలబడి తేల్చి చెప్పేశాడు.

“శనివారం మధ్యాహ్నం దాకా చూస్తానమ్మా. అప్పటికీ కదలకపోతే ఈ గదికి తాళం వేసేస్తా. వచ్చే ఏడు నుంచి పళ్ళని పళ్ళుగానే అమ్ముకుందాం. ఈ పులియబెట్టే గొడవే వద్దు.”

కొలతమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. చేతిలో రసం ఎంతవరకు పులిసిందో చెప్పే గాజు హైడ్రోమీటరు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు గనుక కూలీలు అలా పిలవడం మొదలుపెట్టారు. ఆమె రసాయనశాస్త్రం చదివింది. అయితే ఈ నేలమాళిగలో పని ఆమె చేతికి వచ్చింది చదువు వల్ల కాదు, వంశం వల్ల. వాళ్ళ అమ్మమ్మను ఊరంతా మొహం మీదే మంత్రగత్తె అనేవారు. ఆవిడ కూడా ‘ఆఁ’ అని పలికేది.

ఆ ఇంటి ఆడవాళ్ళకు వచ్చిన మంత్రం చాలా చిన్నది. కొత్త రసం పీపాలో నిండగానే చెక్క మీద అరచెయ్యి ఆనించి, తన గురించిన ఒక నిజం దానికి చెప్పాలి. అంతకు ముందు ఎవరికీ చెప్పని నిజం అయ్యుండాలి. నిజం విన్న రసం కడదాకా పులుస్తుంది. అబద్ధం విన్న రసం మొదట మామూలుగానే పొంగి, సగం దారిలో నమ్మకం పోయినట్టు ఆగిపోతుంది. ఆగినదాన్ని కదిలించడానికి దారి ఒకటే. అబద్ధం ఎవరి గురించి చెప్పారో, ఆ మనిషి ముందు, పీపా మీద చెయ్యి పెట్టి, నిజం పైకి చెప్పాలి. కొలతమ్మ దీన్ని నమ్మిందనడం కన్నా పరీక్షించిందనడం సరైన మాట. కాలేజీ నుంచి వచ్చిన మొదటి ఏడాది రెండు చిన్న పీపాల్లో ఒకే తోట రసం, ఒకే వేడిమిలో పోయించి, ఒకదానికి నిజమూ రెండోదానికి అబద్ధమూ చెప్పింది. రెండోది ఆగింది. మరుసటి ఏడాది మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగింది. ఆ తరువాత ఆ విషయంలో వాదన పెట్టుకోలేదు.

ఆమె మంత్రానికి భయపడలేదు, నిజానికి భయపడింది. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఇదే గదిలో ఒక పీపా మీద చెయ్యి పెట్టి, “ఈ కాపురంలో నాకు ఊపిరాడటం లేదు” అంది. గుమ్మంలో నిలబడి ఉన్న నాన్న విన్నాడు. సాయంత్రానికి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడాది వైన్ అంత గొప్పది మళ్ళీ రాలేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఆ పిల్లకు అప్పుడే అర్థమైంది. నిజమే చెప్పాలి, కానీ అందులో మనుషులెవరూ ఉండకూడదని తీర్మానించుకుంది.

అందుకే ఆమె పీపాలకు చెప్పే నిజాలు విచిత్రంగా ఉండేవి. “నా కుడి పాదం ఎడమ పాదం కన్నా రెండు మిల్లీమీటర్లు పొడుగు.” “నాకు నీలం రంగు గాజుసీసాలంటే ఇష్టం.” రసం వాటినీ స్వీకరించింది, నిజం నిజమే కదా. వైన్ ప్రతి ఏడూ నిర్దోషంగా తయారయ్యేది. తాగినవాళ్ళు “బాగుంది” అనేవారు. రెండో గ్లాసు మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

గురువారమంతా ఆమె సాధారణ కారణాలన్నీ వెతికింది. వేడిమి సరిపోయింది. పులుపు సరిపోయింది. పక్క పీపాలో చురుగ్గా పులుస్తున్న రసం తెచ్చి కలిపింది. అది కూడా లోపలికి వెళ్ళి మౌనవ్రతం పట్టింది. హైడ్రోమీటరు ముంచితే 1.031 దగ్గర నిలబడింది. నీళ్ళయితే అంకె 1.000. పూర్తిగా పులిసిన వైన్ నీళ్ళకన్నా తేలిక గనుక అంకె అంతకన్నా కిందికి దిగాలి. ఇది దిగనంటోంది.

గానుగ దగ్గర పనిచేసే పిన్ని, వాళ్ళమ్మ చెల్లెలు, ద్రాక్ష తొక్కలు ఎత్తిపోస్తూ వచ్చి, పీపాను ఎగాదిగా చూసింది.

“ఏం చెప్పావే దీనికి?”

“పీపాకి చెప్పింది బయటికి చెప్పకూడదు పిన్నీ.”

“నువ్వు చెప్పేదేముందిలే! చెప్పుల సైజు చెప్పుంటావు. ఈ ఏడు పాదాలు పెరిగాయేమో చూసుకో.”

“కొలిచాను. పెరగలేదు.”

“ఓరి నాయనో, నిజంగా కొలిచిందే!” అని పిన్ని నుదురు కొట్టుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఉదయం పీపాల మేస్త్రీ వచ్చాడు. చెక్కలు వంచి, ఇనుప పట్టీలు బిగించి పీపాలు చేసే మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. పదకొండేళ్ళుగా ఆ నేలమాళిగ పక్క కొట్టంలోనే అతని పని. పొద్దున్నే మొదలయ్యే, చెక్కలు చెక్కే అతని బాడిస చప్పుడు గోడలోంచి టక్కుటక్కుమని వినిపిస్తూ ఉండేది. ఈ మధ్యే దూరంలో ఉన్న ఒక పెద్ద కార్ఖానా వాళ్ళు అతన్ని రమ్మన్నారు. ఆదివారం ప్రయాణం. పనిముట్ల పెట్టెకు అప్పుడే తాడు కట్టేశాడు.

అతను సుత్తి పిడితో పెద్ద పీపాను పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. చెవి ఆనించి విన్నాడు.

“చెక్కలో లోపం లేదండీ. పుచ్చు లేదు, బీట లేదు. కానీ బోలుగా మోగుతోంది. నిండు పీపా ఇలా మోగడం నేనెప్పుడూ వినలేదు.”

“కారణం ఏమై ఉంటుందంటారు?”

“కొండంత పీపాకి తలనొప్పి వస్తే వడ్రంగి ఏం చెప్తాడండీ? మాట పడిపోయినట్టుంది దీనికి. మాట సంగతి మీ ఇంటి విద్య.” అతను సుత్తి భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. “ఆ రోజు నేను వెళ్ళిపోతున్నానని చెప్తే, మీరు ‘రోడ్డు బాగానే ఉంది’ అన్నారు. నిజమే, కనుక్కున్నాను. బాగానే ఉంది.”

అతను వెళ్ళాక కొలతమ్మ పీపా పక్కన ఉన్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. ఆమె ఆ రోజునే తలచుకుంది. అతను ప్రయాణం సంగతి చెప్పి వెళ్ళిన గంటకే పెద్ద పీపాలో రసం నిండింది. తన జాన పొడవు గురించిన నిజం ఒకటి ముందుగానే సిద్ధం చేసుకుంది. చెక్క మీద చెయ్యి పెట్టగానే నోటి నుంచి వచ్చింది వేరు. “మేస్త్రీ వెళ్ళిపోతే నాకేమీ ఇబ్బంది లేదు.” అది కూడా ఒక కొలతే అనుకుని, ఆమె దానిమీద మరో ఆలోచన చెయ్యలేదు. ఇన్నేళ్ళలో తనకు తెలియకుండా తన నోట అబద్ధం రాగలదన్న అనుమానమే ఆమెకు కలగలేదు. గొట్టం కొసన నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. మంత్రగత్తె మనవరాలు, రసాయనశాస్త్ర పట్టభద్రురాలు, జీవితంలో మొదటిసారి తనను తాను తప్పుగా కొలుచుకుంది.

శనివారం మధ్యాహ్నానికి నేలమాళిగ నిండిపోయింది. యజమాని జేబులో తాళం బరువుగా వేలాడుతోంది. కూలీలు మెట్ల మీద వరుసగా కూర్చున్నారు. పిన్ని వాళ్ళందరికన్నా ముందు వరసలో ఉంది. కొలతమ్మ కబురు పంపితే మేస్త్రీ కూడా వచ్చాడు, మర్నాటి ప్రయాణానికి తీసిపెట్టుకున్న చొక్కాలోనే.

ఆమె అరచెయ్యి పీపాకు ఆనించింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. నలభై ఏళ్ళ కిందట నాన్న నిలబడిన చోటు అదే. ఇప్పుడక్కడ మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

“మేస్త్రీ గారూ, ఒక దిద్దుబాటు ఉంది.”

“చెప్పండి.”

“ఈ పదకొండేళ్ళలో నా కొలత మూడుసార్లు తప్పింది. మూడుసార్లూ మీ బాడిస చప్పుడు వినిపించని రోజులే. మీరు ఊళ్ళో లేని రోజులు.” ఆమె గొంతు సవరించుకుంది. “మీరు వెళ్ళినా నాకేమీ ఇబ్బంది లేదని ఈ పీపాకి చెప్పాను. అది తప్పు. మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు.”

మేస్త్రీ మీసం చాటున ఏదో కదిలింది.

“ఎంత ఇష్టం లేదండీ?”

“కొలవలేదు.” కొలతమ్మ మొహం కందిపోయింది. “దానికి సరిపడే పనిముట్టు నా దగ్గర లేదు.”

ముందుగా చెక్కలు కదిలాయి. చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు పీపా లోపలినుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. నీళ్ళ గిన్నెలో ఒక బుడగ తేలింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక లెక్కపెట్టడానికి వీల్లేనన్ని. గిన్నె పొంగి పొర్లింది. గాజు గొట్టం గజగజలాడింది. బిరడా ఫట్టుమని ఎగిరి పైకప్పుకు తగిలి యజమాని టోపీ మీద పడింది. దాని వెంటే గులాబీరంగు నురగ లేచి ముందు వరసను ముంచెత్తింది.

“అదీ!” అంది పిన్ని మొహం తుడుచుకుంటూ. “బిరడా పట్టింది పీపాకి కాదర్రా, మా పిల్లకి! ఇన్నాళ్ళకి ఊడింది!”

మెట్లన్నీ గొల్లుమన్నాయి. మేస్త్రీ ప్రయాణపు చొక్కా చేతులు పైకి మడిచి, ఎగిరిపడిన బిరడాను యజమాని టోపీ మీంచి మర్యాదగా తీసుకున్నాడు.

“ఇది వదులైందండీ. కొత్తది చెక్కాలి. పెట్టె విప్పాల్సిందే.”

“దానికి ఎంతసేపు పడుతుంది?” అని అడిగింది కొలతమ్మ.

“నిదానంగా చేస్తాను. ఓ ముప్పై నలభై ఏళ్ళు.”

యజమాని తాళాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది కోళ్ళ గూటికి పనికొస్తుందిలే” అని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి పెద్ద పీపా పగలంతా పాడినట్టే పులిసింది. గోడ అవతల బాడిస చప్పుడు, గోడ ఇవతల బుడగల చప్పుడు. నెలాఖరుకు బుడగలు పలచబడ్డాయి. అక్టోబరు 31న, కిటికీలోంచి ఎండ నేరుగా పీపా మీద పడే వేళ, కొలతమ్మ ఆఖరి కొలతకు గాజు జాడీ నిండా వైన్ పట్టింది. హైడ్రోమీటరు తుడిచేలోపే యజమాని ఆ జాడీ ఎత్తి ఒక గుక్క రుచి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. జాడీ ఖాళీ అయింది.

“అయ్యా, అది కొలవడానికి.”

“ఇంకొంచెం పొయ్యమ్మా.”

ఆ మాట ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆమె చెయ్యి ఒక్క క్షణం కుళాయి మీదే ఆగిపోయింది. తరువాత అంచు దాకా నింపింది. రెండో జాడీ పిన్ని చేతుల్లోకి వెళ్ళి, అక్కడి నుంచి మెట్లెక్కి, కూలీలందరినీ పలకరించి ఖాళీగా తిరిగొచ్చింది. “మా అక్క ఆ ఏడు చేసిన వైనే మళ్ళీ వచ్చింది” అంది పిన్ని, కళ్ళు ఒత్తుకుంటూ. “కాదులే. దీంట్లో ఏడుపు లేదు.”

మూడోసారి మేస్త్రీ రెండు చేతులూ జాడీకి అడ్డంగా పెట్టి కాపలా నిలబడ్డాడు. హైడ్రోమీటరు మునిగి, తేలి, ఊగి, నిలబడింది. కొలతమ్మ వంగి, గీతకు కన్ను సమంగా ఆనించి, అంకెను పైకి చదివింది.

0.994.