ఆమె కుడివైపు ఉంటదట!

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు వచ్చు. ఫోనులో నెట్ చవకయ్యేదాకా వచ్చనే అనుకున్నాను. చవకయ్యాక వీడియోల్లో ఒక మేడం రోజూ పొద్దున్నే ప్రత్యక్షమై, నేను డిప్లొమా దాకా చెమటోడ్చి నేర్చుకున్నదంతా ఈ భూమ్మీద ఎవరూ మాట్లాడని ఇంగ్లీషని తేల్చేసింది. 'హౌ ఆర్ యూ' అని ఎవరైనా అడిగితే 'అయామ్ ఫైన్' అనకూడదట. 'కాంట్ కంప్లెయిన్' అనాలట. అలా అయితేనే సహజంగా ఉంటుందట. ఇక గోదావరిఖనిలో మా క్వార్టర్ డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ ఆ సహజత్వాన్ని బట్టీ పట్టడం మొదలుపెట్టాను. (సహజంగా ఉండటానికి అంత బట్టీ ఎందుకన్న అనుమానం అప్పట్లో రాలేదు.) షిఫ్టు దిగి వచ్చిన బాపు కింద నిలబడి కాసేపు విని, "ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా?" అనేవాడు. "ప్రాక్టీసు బాపూ" అంటే, "జర నిమ్మలంగ జెయ్యి. పక్కింటోళ్లు పరేషానైతున్నరు" అని లోపలికి వెళ్లిపోయేవాడు.

బాపు స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అందరికీ ఆయన పానా కాక. బొగ్గు కంపెనీలో రిటైరై, ఓపెన్‌కాస్ట్ గనిలో యంత్రాలు నడిపే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరుగా చేరాడు. ఆయనే మేనేజరును బతిమాలి నన్ను ట్రైనీ ఇంటర్వ్యూకు పిలిపించాడు. కోస్తా నుంచి వచ్చిన ఆ మేనేజరు సారు మర్యాదగా 'హౌ ఆర్ యూ' అన్నాడు. నేను ఛాతీ విరిచి 'కాంట్ కంప్లెయిన్, సర్' అన్నాను. సారు పెన్ను కింద పెట్టి, "కంప్లెయింటా? ఎవరి మీదయ్యా? ఇంకా చేరనే లేదుగా!" అన్నాడు. బయట కూర్చున్న కాక గబగబా లోపలికొచ్చి, "పోరడు మంచోడు సార్, ఎవలి మీద కంప్లెయింటు జెయ్యడు" అని పూచీ పడ్డాకే ఉద్యోగం వచ్చింది.

చేరిన కొన్నాళ్లకు, మొరాయిస్తున్న పెద్ద తవ్వకం యంత్రాన్ని చూడటానికి ఆస్ట్రేలియా నుంచి ఒక ఇంజనీరు దిగాడు. అందరూ ఆయన్ని తెల్లసారు అన్నారు గానీ, రామగుండం ఎండకు మధ్యాహ్నానికల్లా పండు మిరపకాయలా తయారయ్యాడు. ఆయన మాట ఎవరికీ అంతుపట్టలేదు. పెదవులు కదలకుండానే వాక్యం అయిపోయేది. మేనేజరు చుట్టూ చూసి, "ఇంగ్లీషు ఎవరికొచ్చు?" అన్నాడు. పానా కాక నా వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాడు. ఈ గండం గట్టెక్కితే నన్ను పర్మినెంటు చేస్తామని మేనేజరు అక్కడికక్కడే అన్నాడు.

మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, ఈ వారంలో యంత్రం నడుస్తుందా అని. నేను అడిగాను. తెల్లసారు టోపీ సర్దుకుని, 'షీల్ బీ రైట్, మేట్' అన్నాడు. ఒక్కో ముక్కా నాకు తెలిసిందే! పట్టరాని సంతోషంతో, "ఆమె కుడివైపు ఉంటదట సార్!" అని అనువదించాను. పనివాళ్లంతా కుడివైపు తిరిగారు. అటు మాకు చాయ్ తెచ్చే అక్క ఫ్లాస్కు పట్టుకుని వస్తోంది. ఇంతమంది మగవాళ్లు ఒక్కసారి తనవైపు చూసేసరికి బెదిరిపోయి ఆగిపోయింది. "నేనేం జేసిన్నయ్యా?" అంది. తెల్లసారు మాత్రం చాయ్ కోసమే ఈ తతంగమంతా అనుకుని సంతోషంగా గ్లాసు అందుకున్నాడు.

అది నవ్వులతో పోయింది. మర్నాడు జరిగింది అలా పోయేది కాదు. తెల్లసారు యంత్రం మూత తీయించి, టార్చి వేసి, పంపును తట్టి, 'పంప్స్ స్టఫ్డ్' అన్నాడు. కరీంనగర్‌లో ఒక హోటల్లో నేను స్టఫ్డ్ క్యాప్సికం తిని ఉన్నాను. అందుకని ఏమాత్రం తడుముకోకుండా, "పంపుల ఎవలో ఏందో కూరిండ్రట సార్" అన్నాను. మేనేజరు మొహం మారిపోయింది. ఆ పాత పంపును కిందటి వారం విప్పి మళ్లీ బిగించింది పానా కాక. "ఇదేం పనయ్యా? కావాలని పాడు చేశారా? రేపట్నుంచి గేటు లోపలికి రావద్దు" అన్నాడు. కాక చేతిలోని పానా నేలమీద పడింది. "నెత్తి నెరిసేదాంక ఇదే పని జేసిన సార్. ఒక్కనాడన్న గిసొంటి మాట పడ్డనా?" అన్నాడు. నావైపు తిరిగి, "బిడ్డా, మంచిగ విన్నవా? ఇంకోపారి అడుగు" అన్నాడు.

'హూ స్టఫ్డ్ ఇట్, సర్?' అని అడిగాను. తెల్లసారు వింతగా చూసి, 'నోబడీ! ఓల్డ్ ఏజ్!' అన్నాడు. "ఎవలు కూరలేదట… ముసలితనం వల్లనట" అన్నాను. ఇప్పుడు అందరూ కాక నెరిసిన జుట్టువైపు చూశారు. "నన్నా? నన్నంటున్నడా?" అని కాక ముందుకొచ్చాడు. తెల్లసారుకు మాటలు అందకపోయినా మొహాలు అర్థమయ్యాయి. గబుక్కున పంపు మీద చెయ్యేసి, రెండో చెయ్యి మెడ మీద అడ్డంగా గీసుకుని, నాలుక బయటపెట్టి, తల పక్కకు వాల్చేశాడు. చాయ్ అక్కతో సహా అందరూ ఒక్క గొంతుతో, "ఓ… ఖరాబైందా!" అన్నారు.

పంపు పాతబడి పాడైందట, అంతే. మేనేజరు కాక చేతులు పట్టుకుని, "ఏమీ అనుకోకండి" అన్నాడు. కాక నన్ను పక్కకు తీసుకుపోయి, "ఖరాబు అనే ఒక్క ముక్క కోసం నా నౌకరి మీదికి తెచ్చినవ్ గదరా" అని చెవి మెలేసి, అంతలోనే నవ్వేశాడు. ఆ సాయంత్రం ధైర్యం చేసి, నిన్నటి 'ఆమె' ఎవరని తెల్లసారునే అడిగాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, ఎవరూ లేరు, అంతా సర్దుకుంటుందని అర్థం అన్నాడు. అంటే మనవాళ్లు పూటకు పదిసార్లు అనే మాటే! 'ఏం గాదు తియ్' అని నేర్పించాను. మూడు ముక్కలూ ఆయన నోట్లో బ్రహ్మాండంగా కుదిరాయి. కొత్త పంపు ఎప్పుడొస్తుందోనని మేనేజరు తల పట్టుకుంటే, తెల్లసారు ఆయన భుజం తట్టి, "యేంగాదుతియ్" అన్నాడు. పనివాళ్లు ఈలలు వేశారు. పంపు వచ్చింది, యంత్రం నడిచింది. నా ఉద్యోగం కూడా నిలిచింది.

వెళ్లే రోజు పొద్దున తెల్లసారు కారెక్కుతూ నా చెయ్యి ఊపి, 'సీ యూ లేటర్, మేట్' అన్నాడు. నేను పరుగున ఇంటికి పోయి, సారు మనింటికి వస్తున్నాడని అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పాను. బాపు కోడిని తెచ్చాడు. అవ్వ కారం తగ్గించి మరీ వండింది. పొద్దు గూకేవేళకు తలకు నూనె రాసుకుని గల్లీ మొదట్లో నిలబడ్డాను.

"ఎప్పుడొస్తనన్నడురా?" అవ్వ గడపలోంచి అడిగింది.

"లేటరన్నడే."

"లేటరంటె ఎన్ని గంటలకు?"

నాకేం తెలుసు? మేనేజరుకు ఫోన్ చేస్తే, తెల్లసారు ఈపాటికి విమానంలో ఉంటాడని చెప్పాడు. కూర మేమే తిన్నాం. బాపు ముక్క కొరుకుతూ, "ఆయనొస్తె మనకేం మిగులుతుండె" అన్నాడు.

ఇప్పుడు ఆన్‌లైన్ మీటింగుల్లో దేశదేశాల వాళ్లతో మాట్లాడుతుంటాను. చివర్లో నేనూ తేలిగ్గా 'సీ యూ లేటర్' అనేసి తెర మూసేస్తాను. రారని నాకు తెలుసు, రానని వాళ్లకూ తెలుసు. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ, నూనె తలతో గల్లీ మొదట్లో నిలబడి వచ్చే ప్రతి కారులోకీ తొంగిచూసిన ఆ పోరడు గుర్తొస్తాడు. వాడి ఇంగ్లీషుకు నవ్వొస్తుంది. ఒక మాటను అంతగా నమ్మిన వాడి మీద ముద్దూ వస్తుంది.