మాచర్ల దారిలో తుమ్మముళ్ళు

నరసరావుపేట నుంచి నాగార్జునసాగర్‌కు సైకిళ్ళ మీద పోదామన్నది నేను. దారి మ్యాపు గీసింది నేను, సెలవులు కలిసొచ్చేలా రోజులు కుదిర్చిందీ నేనే. అయినా ఎనభైల్లో ఒక ఫిబ్రవరి శుక్రవారం, పొద్దున ఐదున్నరకు ఐదుగురం బయలుదేరేసరికి అందరి చూపూ మస్తాను మీదే ఉంది. మస్తాను మా బడి ఎదురుగా సైకిలు షాపు నడిపే మెకానిక్కు. పంక్చర్లు పడితే పనికొస్తాడని పిలిచాను. మిగిలిన ముగ్గురూ నాతోపాటు పనిచేసే టీచర్లు.

ఎనిమిదిన్నరకు పిడుగురాళ్ళ చేరాం. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడి మాత్రం అడిగి వేయించుకోవాలి. ఎదురుగాలికి వెనకబడిన కోటయ్య మేష్టారిని మస్తాను వీపు మీద చెయ్యివేసి రెండు మైళ్ళు నెట్టుకొచ్చాడట. కోటయ్య తింటున్నంతసేపూ అదే చెప్పాడు. హోటలాయన "మీ లీడరెవరు?" అని అడిగితే ముగ్గురూ మస్తానునే చూపించారు.

"నేనేం లీడరండీ, దారి చెప్పేది మేష్టారే గదా," అన్నాడతను నావైపు తిరిగి. ఆ మంచితనానికి నాకు ఇంకా మండింది.

పన్నెండింటికి గురజాలలో భోజనం. ఎండ తగ్గేదాకా కునుకు తీసి మూడింటికి లేచాం. మాచర్లలో నా స్నేహితుడొకడు ఊరి మొదట్లో పూలదండతో నిలబడతానని, ముందొచ్చినవాడి మెడలో వేస్తానని జాబు రాశాడు. ఆ దండ నాదేనని బయలుదేరకముందే అనుకున్నాను.

రెంటచింతల దాటాక రోడ్డు పని జరుగుతోంది. పక్కన మట్టిదారిన పోవాలి. అక్కడ మేకల కాపర్లు తుమ్మకొమ్మలు నరికి దారిలోనే పడేస్తారు. మేకలు ఆకు మేసిపోతాయి, ముళ్ళు మిగులుతాయి. అందుకే పొద్దునే మస్తాను ఒక కట్టుబాటు పెట్టాడు. ముందున్నవాడు ముల్లు చూస్తే, వెనకవాళ్ళు వచ్చేదాకా చెయ్యెత్తి అక్కడే నిలబడాలి.

ముందున్నది నేను. ముల్లు చూశాను. దిగి, సైకిలు భుజాన వేసుకుని అవతలికి నడిచాను. వెనక్కి తిరిగితే చానా దూరంలో మస్తాను మళ్ళీ కోటయ్యను నెట్టుకుంటూ వస్తున్నాడు. నేను నిలబడితే అందరం కలిసే ఊళ్ళోకి పోతాం, దండ కూడా అతని మెడలోకే పోతుంది. చెయ్యి ఎత్తలేదు. ఎక్కి తొక్కేశాను.

ఐదున్నరకు నా మెడలో దండ పడింది. ఏడున్నరకు వాళ్ళు నలుగురూ సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు. ఏడు పంక్చర్లు. ప్యాచీలు అయిపోయాయట.

"ముల్లు చూళ్ళేదా మేష్టారూ?" అన్నాడు కోటయ్య.

"చూస్తే ఆగనా?" అన్నాను.

"పొద్దుగూకే ఎండ మొహానే కొడతంటే ఏం కనపడుద్ది? పోనీండి," అన్నాడు మస్తాను.

సత్రంలో పడుకున్నాం. శనివారం మధ్యాహ్నం దాకా మస్తాను పంక్చర్లతోనే సరిపోయింది. సాయంత్రం సాగర్ డ్యాము చూశాం. నీళ్ళు తక్కువగా ఉన్నా చూడదగ్గదే. ఆదివారం మాచర్లకు తిరిగొచ్చి, కాళ్ళు ఇక తొక్కలేమనడంతో రెండు గంటల నరసరావుపేట బస్సెక్కాం. సైకిళ్ళు టాపు మీద కట్టించాం, లగేజీ టిక్కెట్టు విడిగా కొట్టారు. మస్తాను నా పక్కన కూర్చున్నాడు, మిగతావాళ్ళు నిద్రపోయారు.

ఆ మట్టిదారి వచ్చినప్పుడు అతను కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నాడు. "మొన్న ఈడ మీ టైరు గీత ఆగిపోయింది మేష్టారూ. ఆడి నుంచి ముళ్ళు దాటేదాకా చెప్పుల గుర్తులు. మళ్ళా టైరు గీత."

నేను తల తిప్పి నిద్రపోతున్న ముగ్గురి వైపు చూశాను.

"వాళ్ళు చూళ్ళేదులెండి. ముందే కాలితో చెరిపేశా."

సిగ్గుపడ్డాను. కానీ ఉన్నమాట చెప్పాలి, సిగ్గుకన్నా ముందు వచ్చింది అసూయే. అతని చోట నేనుంటే, అందరినీ పిలిచి ఆ గుర్తులు చూపించేవాణ్ణి.